అమ్మ ఊఁ కొట్టిన పాట

ఐర్లాండ్‌లో మా ఊరు నేస్‌లో ఇప్పుడు పచ్చి కరివేపాకు కూడా దొరుకుతోంది. మొన్న సూపర్‌మార్కెట్లో ఒక రెబ్బ నలిపి వాసన చూస్తుంటే, పైన స్పీకర్లో ఆ పాట మొదలైంది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఐర్లాండ్‌లో ఎటు చూసినా క్రేన్లు, తెల్లారేసరికి మొలిచే కొత్త ఇళ్లూ ఉన్న నా చిన్నతనంలో, నాన్న లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్లిపోతే అమ్మకు తోడు వంటింటి రేడియో ఒక్కటే. బయట వాన, లోపల పోపులో చిటపటలాడే ఎండు కరివేపాకు, మధ్యలో ఆ రాక్ పాట. పాటంటే పాటా, పెద్ద కథ: తుఫానులో చిక్కిన చేపలవాడు, ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడ్డ అతని పెళ్లాం, ఎంతకీ తెమలని గిటార్లు. పెళ్లిళ్లలో, బస్సుల్లో దాన్ని పాడనివాళ్లు లేరు. అమ్మకు ఇంగ్లీషు రాదు, కథ నేనే తెలుగులో చెప్పాను. ఇక చరణం ఆగినప్పుడల్లా గరిటె పట్టుకునే "ఊఁ" అనేది. నేను పడీపడీ నవ్వేదాన్ని.

"ఊఁ కొట్టకపోతే చెప్పేవాడికి ఊపిరెట్టా తిరుగుద్దే?" అనేది. సగంలో ప్రకటన వేసి పాట కోసేస్తే రేడియోవాడికి శాపనార్థాలే. కథ మధ్యలో ఆపకూడదని ఆమె పట్టు.

ఒక చలికాలం అమ్మకు తలలో నరం చిట్లింది. మాట పోయింది. ఆసుపత్రిలో నర్సు వచ్చినప్పుడల్లా నా బుగ్గ తట్టి "షీజ్ గ్రాండ్, లవ్" అనేది. గ్రాండ్ అంటే ఇక్కడ బాగానే ఉందని. నమ్మకపోతే బతకలేను, నమ్మాను.

ఒక మధ్యాహ్నం టేప్‌రికార్డర్ దిండు పక్కన పెట్టి ఆ పాట వేశాను. మొదటి చరణం ఆగగానే, సన్నగా, "ఊఁ". నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండోదానికీ అంది. ఇద్దరం దేవుడా దేవుడా అనుకుంటూ ఆమె పెదాలనే చూస్తున్నాం. లాంతరు ఎత్తే చరణం అయింది, గిటార్లు మొదలయ్యాయి. అమ్మ పలకలేదు.

"అమ్మా, ఊఁ అనవే!" అని భుజం కుదిపాను.

నర్సులు పరిగెత్తుకొచ్చారు. నాన్న టేపు మీద చెయ్యి వేశాడు. "వద్దు నాన్నా, ఆపొద్దు!" అని ఆ చేతిని పట్టుకుని వేలాడాను. ఆపేశాడు.

ఆ రోజు తర్వాత లాంతరు చరణం దాటి ఆ పాట నేనింతవరకూ వినలేదు, ఎక్కడ వినబడినా లేచి వెళ్లిపోయేదాన్ని. మొన్న వెళ్లలేకపోయాను. లాంతరు చరణం ఆగింది. "ఊఁ" అన్నాను, పైకే.

పక్కనున్న నా కూతురు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "హూ ఆర్ యూ టాకింగ్ టు, మామ్?" అంది.

ఊఁ కొట్టడమంటే ఏమిటో దానికి తెలియదు. తెలిసిన మనిషి సగం కథలోనే పోయింది.