గట్టిగా చేసిన ప్రార్థన

ప్రార్థన పేరుతో మనిషిని వీధిన పెట్టొచ్చని నాకు మరియమ్మని చూశాకే తెలిసింది. ఆవిడ పేరెత్తితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

రాజోలు దగ్గర మా పేటలో సుగుణక్కది మా పక్కిల్లు. భర్త ప్రభాకరరావుగారు పచ్చకామెర్లతో పోయేనాటికి ఆమెకి ముప్ఫై నిండలేదు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు రమ్మన్నా వెళ్ళకుండా, అత్తగారు సూరమ్మగారిని చూసుకుంటూ, అరుగు మీద కుట్టుమిషను వేసుకుని బతికింది. క్రిస్మస్ నెలొస్తే పేటలో ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆమె కుట్టాల్సిందే. కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు కడుపులో ఉన్నదంతా చెప్పుకుని పోయేవారు. అక్క ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఎత్తి ఎరగదు.

భర్త పోయిన పదేళ్ళకి, పంతొమ్మిదివందల డెబ్బై తొమ్మిదిలో సాలమోనుగారు ఆమెని పెళ్ళి చేసుకుంటానని అడిగారు. ఆయన అంబాజీపేటలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. ఆయనకీ భార్య పోయింది. నెమ్మదస్థుడు. అక్కకీ ఇష్టమే. కాని ముందు అత్తగారితో తానే చెప్పాలి, ఆవిడని కూడా వెంట తీసుకెళతానని చెప్పి ఒప్పించాలి. ఆ మాట ఎలా మొదలెట్టాలో తోచక, చిన్నప్పటినుంచీ కలిసి పెరిగిన మరియమ్మతో చెప్పుకుంది. గురువారం గురువారం జరిగే మా స్త్రీల ప్రార్థన కూడికకి మరియమ్మే పెద్ద.

"మా అత్తగారితో నేను చెప్పేదాకా ఎవరితోనూ అనకే. నాకోసం ప్రార్థన చెయ్యి" అంది.

"ఓసి పిచ్చిదానా, నాకా చెబుతావు!" అంది మరియమ్మ.

మా కూడికలో పాటలయ్యాక ఒక్కొక్కరూ ప్రార్థన మనవులు చెబుతారు. జ్వరాలు, పరీక్షలు, తాగొచ్చే మొగుళ్ళు. అవన్నీ గుర్తు పెట్టుకుని, పెద్దగా ఉన్నావిడ అందరి తరఫునా గట్టిగా ప్రార్థిస్తుంది. ఆ గురువారం సుగుణక్క ఏ మనవీ చెప్పలేదు. అయినా మరియమ్మ కళ్ళు మూసుకుని గొంతెత్తింది.

"తండ్రీ, నీ బిడ్డ సుగుణ అంబాజీపేట సాలమోనుని చేసుకోవాలనుకుంటోంది. అత్తగారికి ఎలా చెప్పాలో తెలీక నలిగిపోతోంది ప్రభువా. నీ చిత్తమేంటో చూపించు!"

అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నారు కొందరు. నేను గబుక్కున కళ్ళు తెరిచాను. సుగుణక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనే కూర్చున్న సూరమ్మగారు నెత్తి మీది కొంగు మొహం మీదకి లాక్కున్నారు.

ఇంటికొచ్చి ఆవిడ అరుగు మీద కూలబడ్డారు. నేనూ వెనకే వెళ్ళాను.

"నాతో చెబితే నేనే దగ్గరుండి చేసేదాన్ని కదమ్మా! ఇప్పుడు పంపితే కోడల్ని తరిమేసిందంటారు, ఆపితే కట్టిపడేసిందంటారు. నీ మాట పదిమందిలో కూర్చుని వినాల్సొచ్చిందే నాకు!"

అక్క ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. చెబుదామనే అనుకున్నానంటే నమ్మించేదెలా?

ఇక పేటంతటికీ అదే పని. ఒకావిడొచ్చి చేసుకోమనేది, ఇంకొకావిడొచ్చి ఈ వయసులో నీకిదేం బుద్ధి అనేది. మా గుడి సంఘపెద్దలిద్దరు బస్సెక్కి అంబాజీపేట వెళ్ళి, రోగులందరి ముందూ సాలమోనుగారిని నిలబెట్టి, మొదటి భార్యని ఎలా చూసుకున్నావని ఆరా తీశారు. ఎవడు పంపాడు వీళ్ళని? ఆ మహానుభావుడు మళ్ళీ మా వైపు రాలేదు. "అది మీ ఒక్కరితో అన్న మాటండీ" అని మాత్రం అక్కకి కబురు పంపారు.

ఆ కబురు విన్న రోజే అక్క నన్ను తోడు తీసుకుని మరియమ్మ ఇంటికి వెళ్ళింది.

"ఎందుకిలా చేశావే?"

"నీ మంచికే గదే! ప్రార్థన చెయ్యమన్నది నువ్వేగా?"

"దేవుడికి చెవుడేంటే? మెల్లగా చెబితే వినపడదా?"

మరియమ్మ తెల్లబోయి చూసింది. తప్పు చేశానన్న ఊహే లేదు మహాతల్లికి!

కొన్నాళ్ళకి సాలమోనుగారు వేరే సంబంధం చేసుకున్నారని తెలిసింది. ఆ గురువారం కూడికలో మరియమ్మ లేచి, దేవుడు చేసిన మేలంటూ సాక్ష్యం చెప్పింది. "మన ప్రార్థనకి జవాబొచ్చింది! సుగుణ మనల్ని విడిచి పోకుండా ప్రభువే ఆపాడు. స్తోత్రం!"

సుగుణక్క లేచి నిలబడింది. ఎప్పుడూ నలుగురిలో నోరెత్తని మనిషి.

"అడిగింది నేను మరియమ్మా. ఆయన నాకేం చెప్పాడో నీకెలా తెలుసు? దేవుడు నన్నేం ఆపలేదు. నువ్వు ఆపావు."

సూరమ్మగారు చేతికర్ర అందుకుని లేచారు. అత్తాకోడళ్ళిద్దరూ బయటికి నడిచారు. అక్క మళ్ళీ ఆ కూడికకి రాలేదు. ఆదివారం గుడిలో పాస్టరుగారు మనవులేమైనా ఉన్నాయామ్మా అని అడిగితే, "ఏమీ లేవండీ" అంటుంది.

మరియమ్మ ఇప్పటికీ జాకెట్లు సుగుణక్క దగ్గరే కుట్టించుకుంటుంది, సిగ్గు లేకుండా. అక్క భుజాలు, నడుము కొలుస్తుంటే ఏదో ఒకటి మాట్లాడించబోతుంది. చిన్నప్పటినుంచీ ఒసే అని పిలిచిన స్నేహితురాలి వైపు అక్క కళ్ళెత్తి చూడనైనా చూడదు.

"చెయ్యి కాస్త పైకెత్తండి" అంటుంది.