తొక్కు, పట్టుకో, వదులు

మా కింది వాటా ఆయన్ని ఈ వీధిలో అందరూ జర్మనాయన అంటారు. ఆయన జర్మనీ మొహం ఎన్నడూ చూడలేదు. షెడ్డులో ఉన్న కారు జర్మనీలో పుట్టింది, అంతే. పుట్టి ఇరవై ఎనిమిదేళ్ళు, తిరిగింది ఐదు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు. ఆ వయసులో మనుషులకైతే పెళ్ళి చేస్తారు, కార్లనైతే తుక్కుకి వేస్తారు. ఈయన దాన్ని తెచ్చి పెట్టుకుని పదిహేనేళ్ళుగా సేవ చేస్తున్నాడు.

నేను పై వాటాలో బట్టలు కుడతాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. నా మిషను కిటికీ పక్కన ఉంటుంది, కిటికీ సరిగ్గా షెడ్డు వాకిలికి ఎదురుగా తెరుచుకుంటుంది. కనుక ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలిసినంతగా దాన్ని తయారుచేసినవాళ్ళకి కూడా తెలియవు. నేను తొంగిచూసే రకం కాదు. కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఉండే రకమూ కాదు.

ఆయన ఉద్యోగం పళ్ళ సెట్లు చేయడం. పళ్ళ ఆసుపత్రి వెనకాల చిన్న గది, మైనం వాసన, గోడ పొడుగునా అరల్లో ఎవరెవరివో నోళ్ళు, అన్నీ సుద్దతో పోత పోసినవి. రోగులు ముందు గుమ్మంలోంచి వచ్చి ముందు గుమ్మంలోంచే పోతారు. ఈయన్ని ఎవరూ చూడరు. ఊళ్ళో సగం మంది ఈయన చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు గాని, ఈయన నవ్వగా నేను చూసింది రెండు సార్లు. మాటా అంతే. నోళ్ళు తయారుచేసే మనిషికి నోరు లేదేమిటే అని వాళ్ళావిడతో అనేదాన్ని. మొదట్లో ఆమె నవ్వేది.

ఆ కారుకి సామాను దొరకడం గగనం. దొరకనిది ఆయనే చేసుకుంటాడు. చల్లగాలి తిప్పే మీట విరిగితే పళ్ళ సెట్టు పోసే పదార్థంతోనే కొత్తది పోశాడు. నల్లటి డాష్‌బోర్డు మధ్యలో అది పంటి చిగురు రంగులో మెరుస్తూ ఉంటుంది, ఎవరి నోట్లోంచో ఊడిపడ్డట్టు. కిలోమీటర్ల అంకెలు తిప్పే చిన్న చక్రానికి పన్ను ఊడితే ఎనిమిది రోజులు కూర్చుని దానికీ పన్ను కట్టాడు. ఉన్నది బాగుచేసి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. కింద స్ప్రింగులు మార్చాడు, దీపాలు మార్చాడు, చివరికి బ్రేకులు కూడా తీసేసి, అదే రకంలో ఇంకా బరువైన కారు తాలూకు పెద్ద బ్రేకులు తెచ్చి బిగించాడు.

ముందు ఆ కారు మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఒకాయనదట. డ్రైవరు సీటు గుంట పడి, అంచు చిరిగి, లోపలి స్ప్రింగు బయటికి చూస్తోంది. పక్క సీటు మాత్రం నిన్న షాపులోంచి తెచ్చినట్టు ఉంది. డ్రైవరు సీటుకి కొత్త గుడ్డ నేనే కుట్టాను, రెండు సూదులు విరిగాయి. ఇన్ని లక్షల కిలోమీటర్లు ఆ మనిషి పక్కన ఎవరూ కూర్చోలేదన్నమాట అన్నాను. ఆయన సీటు అందుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ పక్క సీటు జాతకం ఈయన దగ్గరికి వచ్చాక కూడా మారలేదు. ఎప్పుడైనా బండి కదిలే స్థితికి వస్తే ఒక్కడే తీసుకుని ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చేవాడు. వాళ్ళావిడ ఒకసారి చీర మార్చుకుని గేటు దగ్గర నిలబడింది. ఇంకా ఎక్కడో చప్పుడు వస్తోందని, ఆ చప్పుడు ఎక్కడిదో వినాలని, పక్కన మనిషి ఉంటే మాటల్లో అది వినపడదని చెప్పి ఆమెను ఎక్కించుకోకుండానే దింపేసి వెళ్ళిపోయాడు. ఆమె మెట్లెక్కి నా దగ్గరికి వచ్చి కత్తిరించిన ముక్కలు ఏరుతూ కూర్చుంది. పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడేందుకు ఉన్నది ఆయనొక్కడే, ఆయనకేమో చప్పుళ్ళు వినే పని.

ఆమెను కారులోకి పిలిచే సందర్భం ఒక్కటే ఉండేది. బ్రేకు గొట్టాల్లో ఉండేది నూనెలాంటి ద్రవం. దాంట్లోకి గాలి చేరితే కాలితో నొక్కినా బ్రేకు పట్టదు, దిండు తొక్కినట్టు ఉంటుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి, రెండోవారు చక్రం దగ్గర చిన్న మర తిప్పి గాలిని బయటికి వదిలి, మళ్ళీ బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. అలా ఒక్కో చక్రానికి పదిహేను, ఇరవై సార్లు. మిగతా పనులన్నీ ఆయన ఒంటి చేత్తో చేసేవాడు గాని దీనికి మాత్రం ఆమె ఉండాల్సిందే. కిటికీలోంచి వినిపించేది. తొక్కు. పట్టుకో. వదులు. తొక్కు. పట్టుకో. వదులు.

"అక్కా, పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నాతో మాట్లాడినవి ఆ మూడు మాటలే," అంది ఆమె ఒకరోజు. నేను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను.

నాలుగేళ్ళ కిందట ఆమె రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం చూసుకుంది. గది వాళ్ళే ఇస్తారట. గొడవేం జరగలేదు. ఒక పెట్టె పట్టుకుని షెడ్డు దగ్గర నిలబడింది, కారు కింద నుంచి ఆయన కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే చెప్పింది.

"ఆ కారు పూర్తయ్యాక చెప్పండి. వచ్చి ఎక్కుతాను."

ఎవరైనా దాన్ని ఎత్తిపొడుపు అనుకుంటారు. ఈ మహానుభావుడు దాన్ని మాట ఇవ్వడం అనుకున్నాడు. షెడ్డు గోడకి ఒక అట్ట తగిలించి చేయాల్సిన పనులన్నీ రాశాడు, నలభై ఒకటి. అట్ట అడుగున వేరే గీత కొట్టి, "తీసుకెళ్ళి చూపించాలి" అని రాశాడు. అప్పటినుంచి ఒక్క ఆదివారం విడిచిపెట్టలేదు. తనొక్కడే వండుకుని, నిలబడే తిని, మళ్ళీ షెడ్డులోకి దూరేవాడు. ఆమెకి ఫోను చేశారా అని అడిగితే, ఇంకా పదహారు ఉన్నాయి, ఇంకా తొమ్మిది ఉన్నాయి అని చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. కోపం ఎక్కడ చూపించాలో తెలియక మిషను గట్టిగా తొక్కేదాన్ని.

చివరికి అట్ట మీద ఒక్కటే మిగిలింది, కొత్త బ్రేకుల్లోంచి గాలి తీయడం. ఆయన దాన్నీ ఒంటరిగా సాధించాలని చూశాడు. సీటుకీ బ్రేకుకీ మధ్య కర్ర బిగించాడు, అది జారిపోయింది. మొక్కలకి మందు కొట్టే డబ్బాతో ఏదో పరికరం చేశాడు, దాని మూత ఊడి ఆ ద్రవం పైకి చిమ్మింది. అది పడ్డచోట రంగు పొంగి లేచిపోతుంది. రెండు నెలలు కష్టపడి వేసిన రంగు, ముందు రెక్క మీద చేటంత మేర పోయింది. మళ్ళీ గీకి, మళ్ళీ వేశాడు. ఆ తరవాతి ఆదివారం పొద్దున్నే నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"వదినగారూ, ఒక్క గంట కాలు కావాలి," అన్నాడు.

నా కాలు తీసుకెళ్ళి నన్ను ఇక్కడే వదిలేస్తారా మరిదిగారూ అన్నాను. నవ్వలేదు. వెళ్ళి నేను కుట్టిన సీట్లోనే కూర్చున్నాను. ఆయన వెనక చక్రం దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు. తొక్కండి. పట్టుకోండి. వదలండి. నాకు వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ముప్ఫై ఏళ్ళుగా మిషను తొక్కిన కాలు ఒకచోట నిలవదు. పట్టుకోమంటే పట్టుకుంటాను, మనసు పక్కకి పోగానే పాదం దానంతటదే ఊగుతుంది. కాలు లేచిందంటే గాలి తిరిగి లోపలికి పోతుంది. గంట అన్న పని మధ్యాహ్నం దాకా సాగింది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కోవడానికి కూడా మాటలు కావాలిగా.

ఆ చల్లటి షెడ్డులో, వెనక నుంచి వచ్చే ఆ మూడు మాటలకి కాలు ఆడిస్తూ కూర్చుంటే నాకు ఆమె జ్ఞాపకం వచ్చింది. ఎదురుగా గోడ తప్ప ఏమీ కనపడదు. మాట్లాడే మనిషి మొహం కనపడదు. ఆమె ఇక్కడ ఇన్నేళ్ళు ఎలా కూర్చుందో అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను. ఇంకొక్క అడుగు ముందుకి ఆలోచించి ఉంటే అప్పుడే దిగిపోయేదాన్ని.

మరుసటి ఆదివారం బయల్దేరాం. ఒక్కణ్ణే వెళితే ఏం మాట్లాడాలో తెలియదని నన్నూ రమ్మన్నాడు. నేను ముందు తలుపు తీయబోతే, "మీరు వెనక కూర్చోండి, వదినగారూ. అది..." అని ఆగిపోయాడు. అర్థమై వెనక కూర్చున్నాను. దారంతా ఆయన చప్పుడు కోసం వింటూనే ఉన్నాడు. ఏ చప్పుడూ లేదు. ఆ కారు నిజంగా పూర్తయింది.

హాస్టలు ఆవరణలో సిమెంటు గచ్చు, తీగెల మీద ఆరేసిన తువ్వాళ్ళు. ఆమె తాళాల గుత్తితో బయటికి వచ్చింది. కాస్త చిక్కింది, జుట్టు కురచ చేయించుకుంది. నన్ను చూసి బాగున్నావా అక్కా అని చెయ్యి పట్టుకుంది. ఆయన పరుగున వెళ్ళి పక్క సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెళ్ళిచూపుల్లో కుర్చీ చూపించినట్టు నిలబడ్డాడు పాపం.

ఆమె ఆ వైపు రాలేదు. కారు చుట్టూ నెమ్మదిగా నడిచింది, రంగు మీద వేలు రాసింది, చిగురు రంగు మీటని అద్దంలోంచి చూసి కొంచెం నవ్వింది. తరవాత డ్రైవరు తలుపు తీసి తన పాత చోట్లో కూర్చుంది. బ్రేకు మీద కాలు వేసింది. తొక్కింది, పట్టుకుంది, వదిలింది. మూడు సార్లు.

"గట్టిగా ఉంది," అంది. "ఎవరు తొక్కారు?"

"వదినగారు," అన్నాడాయన. దాచడం చేతకాదు.

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అన్నీ మీరే చేసుకోగలరు, ఆ ఒక్కటి తప్ప," అంది ఆయనతో. "ఆ ఒక్క పనికైనా నన్ను పిలుస్తారనుకున్నాను."

లోపల గంట కొట్టారు. పిల్లలు చదువుకి కూర్చునే వేళట. ఆమె దిగి తలుపు చప్పుడు కాకుండా వేసి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆయన ఇంకా రెండో తలుపు పట్టుకునే ఉన్నాడు. నేనే వెళ్ళి దాన్ని మూసి, మళ్ళీ వెనకే కూర్చున్నాను.

తిరుగు దారిలో చాలా దూరం వచ్చాక, "ఏదైనా మాట్లాడండి వదినగారూ," అన్నాడు. ఎప్పుడూ వాగే దాన్ని, నాకు ఒక్క మాట దొరకలేదు. ఆ సీట్లో కూర్చుని నేను లాక్కున్నది ఏమిటో అప్పటికి గాని తెలిసిరాలేదు.

ఆ తరవాతి ఆదివారం పొద్దున మిషను ముందు కూర్చుని చూస్తే, కారు వెనక చక్రం ఊడదీసి ఉంది. ఆయన ఆ మర పూర్తిగా తిప్పి తెరిచాడు. కింద గిన్నెలోకి ద్రవం బొట్టు బొట్టుగా కారుతోంది. నేను గబగబా దిగి వెళ్ళాను. తలుపు తీసి, నిలబడే బ్రేకు తొక్కి చూస్తే కాలు నేలకి తగిలింది.

ఏం చెడిందని అడిగాను. ఏమీ చెడలేదన్నాడు. అయితే పట్టండి, నేను తొక్కుతాను అని సీట్లోకి వెళ్ళబోయాను. "మీరు వద్దు, వదినగారూ," అన్నాడు. పదిహేనేళ్ళలో ఆయన నోట కాదనే మాట వినడం అదే మొదలు.

చేతులకి జిడ్డు ఉందని ఫోను కారు పైన పెట్టి, వేలి కణుపుతో నొక్కి స్పీకరు పెట్టాడు. వెళ్ళిపోదామనుకున్నాను. షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"బ్రేకుల్లో గాలి ఉంది," అన్నాడు.

"మొన్న గట్టిగానే ఉందిగా."

"ఉంది. నేనే పోగొట్టాను."

అటువైపు పిల్లలెవరో పరిగెడుతున్న చప్పుడు వినిపించింది.

"ఎందుకు?"

"తొక్కే మనిషి కావాలి."

"తొక్కే మనిషి కావాలా, నేను కావాలా?"

ఆయన నోరు తెరిచాడు. చెప్పు నాయనా, ఒక్క మాట, అని నేను లోపల్లోపల ఎంత మొత్తుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉంది, తన గది అరల్లోని సుద్ద నోళ్ళలాగా. ఆమె ఆలోచించుకుని చెప్పండి అని నెమ్మదిగానే అని పెట్టేసింది.

అది జరిగి మూడు వారాలు. చక్రం ఇంకా ఊడే ఉంది. ఆయన పళ్ళ గదినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, వెళ్ళి కారులో కూర్చుంటాడు. డ్రైవరు సీట్లో కాదు, ఆ పక్క సీట్లో. ఫోను ఎదురుగా డాష్‌బోర్డు మీద పెట్టుకుంటాడు. కాసేపటికి ఆయన పెదవులు కదలడం మొదలవుతుంది. అప్పుడు నేను మిషను ఆపి వింటాను. ఇంతవరకు ఏమీ వినపడలేదు.