శనివారం టేపు

మా సారు పోయారని మొన్న మంగళవారం తెలిసింది. నల్లగొండ నుంచి ఫోన్ వస్తే, ఎస్టీడీ బూత్ నడిపే అతను మా ఇంటికొచ్చి చెప్పాడు. నాకు కంప్యూటర్ నేర్పిన మనిషి ఆయన. ఆ విద్యతోనే ఇవాళ అన్నం తింటున్నాను. అయినా కన్నీళ్లు రాలేదు. ఏడేళ్లుగా దాచుకున్న కోపమే ముందు లేచింది. పోయిన మనిషి మీద కోపమేమిటని మీరనవచ్చు. జరిగింది చెబుతాను.

పోచంపల్లి పక్కనే మా ఊరు. ఈ తొంభైల మొదట్లో మా చేనేత సంఘానికి కంప్యూటర్ వచ్చింది, దాని వెంట సారు వచ్చారు. రోజూ నల్లగొండ బస్సు దిగి రాగానే జేబురుమాలుతో తెర తుడిచిగానీ కూర్చునేవారు కాదు. కీలు ముట్టాలంటే నాకు భయం. "తప్పు కొడితే ఫికర్ చెయ్యకు బిడ్డా, అది కరువదు" అనేవారు.

పాత చీరల డిజైన్లు అందులోకి ఎక్కించడం మా పని. ఏ పోగును ఎక్కడ ముడి కట్టాలో, ఎక్కడ రంగు తాకకూడదో నేతగాళ్లు గళ్ల కాగితాల మీద రాసుకుంటారు. మా బాపు తన పుస్తకాన్ని సొంత బావమరిదికి కూడా చూపలేదు. "సారు మంచోడు బాపూ, ఇయ్యి" అని నేనంటే ఇచ్చాడు. నన్ను చూసి మరికొన్ని ఇళ్లవాళ్లూ ఇచ్చారు.

ఎక్కించినదానికి రోజూ నకలు తీయాలి. నేను తరచూ మరిచిపోయేదాన్ని. సారు తిట్టలేదు. ఒకరోజు కంప్యూటర్‌కే టైం చెప్పిపెట్టారు. "మనిషన్నంక మరుస్తడు. అందుకే పనిని గడియారానికి అప్పజెప్పాలె" అన్నారు. సరిగ్గా ఒంటిగంటకు, ఎవరూ ముట్టకుండానే, పెట్టె గుర్రుమంది. పాటల క్యాసెట్ లాంటి టేపు మీదికి అంతా దానంతటదే ఎక్కింది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. శనివారం తీసిన టేపును సారు తన ఇంటికి తీసుకెళ్లేవారు. "ఒక్క కప్పు కింద ఎన్ని నకళ్లున్నా ఒక్కటున్నట్టే" అనేవారు.

ఆ వానాకాలం ఆఫీసు కప్పు కూలింది. కంప్యూటరూ, దాని పక్కనున్న టేపులూ, బీరువాలోని పుస్తకాలూ బురదలో కలిశాయి. ఊరంతా తల పట్టుకుంది. నేను మాత్రం భయపడలేదు. శనివారం టేపు ఉంది కదా అని నల్లగొండ బస్సెక్కాను.

సారు గడపలోనే నిలబడ్డారు. లోపలికి రమ్మనలేదు.

"నా దగ్గర లేదు బిడ్డా."

"మరి యాడున్నది సారూ?"

"పట్నంల చీరలు అచ్చేసే సేటుకు ఇచ్చిన. మా పిలగానికి నౌకరి ఇస్తనన్నడు."

"మా బాపు నన్ను చూసి ఇచ్చిండు సారూ!"

"నాకెరుకే" అన్నారు.

పది రోజులకు ఆయనే మా ఊరొచ్చి, టేపు నా చేతిలో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. వేరే కంప్యూటర్‌లో పెట్టి చూస్తే డిజైన్లన్నీ ఉన్నాయి, ఒక్క పోగు తప్పలేదు. కానీ దసరాకు జడ్చర్లలో మా అక్క దగ్గరికి బాపూ నేనూ పోతే, బట్టల దుకాణం ముందు బాపు డిజైన్ అచ్చేసిన చీరలు వేలాడుతున్నాయి. బాపు ఆ అంచును వేళ్లతో తడిమాడు. "నువ్వు చెప్తెనే ఇచ్చిన గదా బిడ్డా" అన్నాడు. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో.

సారు రెండు ఉత్తరాలు రాశారు. జవాబివ్వలేదు. ఇప్పుడు నేనొక దవాఖానలో కంప్యూటర్ పని చూస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు ఆయన చెప్పినట్టే చెబుతాను. ఎవరు నేర్పారని అడిగితే మా సారు అంటాను. ఇంకేమీ చెప్పను.

చావుకు పోవద్దనుకున్నాను. బాపే అంగీ తొడుక్కుని, "నడువు బిడ్డా, పోదాం. నీకు విద్య చెప్పిండు" అన్నాడు.

సారును వాకిట్లో పడుకోబెట్టారు. వచ్చినవాళ్లు పూలు వేసి దండం పెడుతున్నారు. బాపు పూలు తీసుకోలేదు, దండమూ పెట్టలేదు. పాదాల మీది నుంచి తెల్లగుడ్డ జారి ఉంది. కింద కూర్చుని, దాన్ని రెండు చేతులతో పైకి లాగి, ముడత లేకుండా నిదానంగా సర్దాడు.