మోటారు గది కిటికీ దగ్గర ఏనుగు

పార్వతీపురం వెళ్లే పాసింజరు విజయనగరంలో ఉదయం ఏడు దాటాక కదిలింది. స్టేషను బయట కొన్న ఇడ్లీ పొట్లం ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఊళ్లో నాకొక ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలతో ఇల్లు గడుస్తుంది. నలుపు తెలుపు ఫొటోలు మాత్రం నా కోసం తీసుకుంటాను. ఏనుగుని దగ్గరగా, ఒంటి మీది ముడతలన్నీ కనిపించేలా, రంగుల్లేకుండా తియ్యాలని ఎన్నాళ్లనుంచో కోరిక. ముందురోజు కొమరాడ దగ్గరి పల్లె నుంచి మా అక్క సత్యవతి ఫోన్ చేసింది.

"నా అరిటితోట సగం నేలమట్టం సేసీసినాయే! నీకు కావాల్సిన ఏనుగులు మా ఏటి ఒడ్డునే ఉన్నాయి. వచ్చి తీసుకో. నా కడుపు మండిపోతన్నాది."

ఆ పిలుపుకి వెళ్లాలో మానాలో తెలియలేదు. వెళ్లాను.

బొబ్బిలిలో ఎక్కిన పెద్దాయన నా పొడుగాటి లెన్సు వంక చూసి, "ఏనుగులకేటమ్మా? దూరంగా ఉండు. అయి ఒడిశా నుంచి దిగినకాడ నుంచి మా వోళ్లు పొద్దుగూకితే గడప దాటరు" అన్నాడు.

పార్వతీపురంలో దిగి టీ తాగి, కొమరాడ వైపు షేర్ ఆటో ఎక్కాను. ఈ దారిన వెళ్లాలనుకునేవారు ముందుగా అటవీశాఖ వాళ్లకి చెప్పి వెళ్లండి. మంద ఎక్కడుందో కనిపెడుతూ ఊళ్లని హెచ్చరించే ట్రాకర్లు అక్కడుంటారు. వాళ్లు ఆగమన్న చోట ఆగాలి. ఫ్లాష్ అసలు వాడకూడదు.

అక్క నన్ను తిన్నగా తోటలోకి తీసుకెళ్లింది. గెలలు వేసిన చెట్లు నడుములు విరిగి పడున్నాయి. ట్రాకరు రామ్మూర్తి వచ్చి, "మంద నాగావళి అవతల గట్టున ఉన్నాది. మీ అక్క మోటారు గది డాబా మీద కూకోండి. కిందకి మాత్రం దిగకండి" అని చెప్పి, ఏటి వైపు వెళ్లిపోయాడు.

ఎండ వాలేదాకా డాబా మీదే ఉన్నాను. అవతలి గట్టు మీద బూడిద రంగు మచ్చలు తప్ప ఏమీ కనిపించలేదు. అక్క నాకోసం అన్నం కేరియరు తెచ్చి, కింద గదిలో విప్పుతోంది. అప్పుడు రామ్మూర్తి ఫోన్ చేశాడు.

"ఏరు దాటేసినాయి. మీ వైపే వస్తన్నాయి. ఇద్దరూ మాటాడకండి, కదలకండి."

అక్కకి నిచ్చెన ఎక్కే వ్యవధి లేదు. కింద గడియ పడిన చప్పుడు వినిపించింది. నేను బోర్లా పడుకున్నాను.

గది పక్కనున్న చెరుకు తోట ఊగింది. అంతటి శరీరాలు వస్తుంటే అడుగుల చప్పుడు ఉంటుందనుకున్నాను. లేదు. పెద్ద ఆడ ఏనుగు ఒకటి గోడ దాకా వచ్చి ఆగింది. పొడుగు లెన్సుకి అంత దగ్గరి వస్తువు అందదు. రెండో కెమెరా, స్టూడియోలో మనుషుల ముఖాలు తీసేది, మెల్లగా కంటికి ఆనించాను. ఎండిన బురద, దాని పగుళ్లలో నుంచి లేచిన ముతక వెంట్రుకలు, చిరిగిన చెవి అంచు. కంటి కింద తడి చార. రెప్పవెంట్రుకలు నా వేలంత పొడుగున్నాయి.

అది కిటికీలోకి తొండం పెట్టింది. ఊచలు లేని కిటికీ. లోపల కేరియరు గిన్నెలు కిందపడ్డాయి. అక్క దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. "అక్కా" అని పిలవబోయి, రామ్మూర్తి మాట గుర్తొచ్చి ఆగాను. అంతలో ఏనుగు కన్ను పైకి తిరిగి నన్ను చూసింది. కోపం లేదు, భయం లేదు. వేలు ఎప్పుడు నొక్కిందో నాకు తెలియదు.

అది తొండం బయటికి లాక్కుని కదిలింది. వెనక మంద, పెద్దవాటి పొట్టల కింద దాక్కుంటూ రెండు పిల్లలు. అన్నీ నెమ్మదిగా చెరుకులో కలిసిపోయాయి.

రామ్మూర్తి దిగమన్నాక పరుగున దిగాను. అక్క తలుపు తీసింది. జుట్టు నిండా అన్నం మెతుకులు.

"నా తల నుంచి మెడ దాకా వాసన సూసినాదే. పసిగుంటని తడిమినట్టు. ఊపిరి ఎంత ఎచ్చగా ఉన్నాదో! అన్నం గిన్నె అట్టుకెలిపోనాది."

"భయమెయ్యలేదా?"

"ఎయ్యదేటి? అయినా సెయ్యి సాపి ముట్టుకున్నాను." అరచెయ్యి నాకు చూపించి, విరిగిన అరటి చెట్ల వంక చూసింది. "తోట పోనాది, పోనాదే. రేపు మళ్లీ తిడతాను. ఇయ్యాల మాత్రం తిట్టలేను."

మర్నాడు తిరుగు రైల్లో నా ఎదుట ఒకామె కూర్చుంది. పార్వతీపురం సంతలో ఎండుచేపలు అమ్ముకుని, ఖాళీ తట్టతో సముద్రం ఒడ్డుకి, భోగాపురం వైపు వెళుతోంది. కెమెరాలోకి తొంగి చూసి, "ఏటమ్మా అది?" అంది.

"ఏనుగు కన్ను."

చాలాసేపు చూసింది. "తెప్ప పక్కన తిమింగలం లేసినపుడు మా ఆయన ఇంటికొచ్చి రెండు పూటలు మాటాడలేదు. నానేమో జొరమొచ్చినాదనుకున్నాను" అంది.

ఏం చూశానో ఎవరికైనా ఎలా చెప్పాలా అని రాత్రంతా మథనపడ్డాను. ఈమెకి చెప్పే పని లేకపోయింది. కెమెరా ఆమె చేతికిచ్చాను. విజయనగరం వచ్చేదాకా ఇద్దరం ఆ కన్ను చూస్తూ కూర్చున్నాం.