చెల్లు వేయని నోటు

మా ఆయనకు భీమవరం దగ్గర రొయ్యల మేత షాపు ఉంది. పట్టుబడి అయ్యి రొయ్యలు అమ్ముకున్నాక డబ్బు కట్టే పద్ధతి మీద రైతులు బస్తాలు అరువు తీసుకెళతారు. తెగులు వచ్చి చెరువు పోతే ఆ బాకీకి ప్రోనోటు రాయించుకుంటారు. నోటుకు ఆయుష్షు మూడేళ్ళు. ఆలోపు బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మరో మూడేళ్ళు. లేదంటే కాలదోషం పట్టి, కోర్టుకెళ్ళినా పైసా రాదు. ఈ విషయంలో మా ఆయన యముడు. గడువుకు నెల ముందే జేబులో పెన్ను పెట్టుకుని బండి తీస్తారు.

అలాంటి మనిషి బీరువాలో కాలదోషం పట్టిన నోటు ఒకటి నా చేతికి దొరికింది. తిప్పి చూస్తే వెనక ఒక్క అక్షరం లేదు. ముందువైపు సంతకం చూడగానే నా ఒళ్ళు భగ్గుమంది. ఆవిడే! మా ఆయనకు నాకంటే ముందు చూసిన సంబంధం. జాతకాలు కుదరక ఆగిపోయిందట గానీ, ఆవిడది దబ్బపండు ఛాయ అని మా అత్తగారు పోయేదాకా నాకు చెబుతూనే ఉన్నారు. భర్త పోయాక చెరువు ఆవిడే చూసుకుంటోంది.

ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను.

"ఈ నోటు సంగతేంటండీ?"

కలుపుతున్న చెయ్యి ఆగింది. "చెరువంతా పోయింది కదే. ఆడకూతురి గుమ్మంలోకెళ్ళి సంతకం పెట్టమంటే ఏం బాగుంటుంది?"

"అందరి చెరువులూ పోయాయి. అందరి గుమ్మాలూ ఎక్కారుగా?"

"పోనీలెద్దూ," అని మజ్జిగ పోసుకున్నారు. పోనీలెద్దట! కిలో వంకాయలకు గీచి గీచి బేరమాడే మనిషి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు ఉండబట్టలేక ఆటో ఎక్కి ఆవిడింటికే వెళ్ళాను. జుట్టు నెరిసినా, పాడు, ఇంకా బాగానే ఉంది. కాఫీ ఇచ్చింది. వద్దందామనుకుంటూనే తాగేశాను. కాఫీ కూడా బాగుంది, అదొక మంట నాకు.

"గడువు దాటకముందే రెండుసార్లు మీ షాపుకొచ్చానండి," అంది. "ఐదొందలు కట్టి చెల్లు వేస్తానన్నాను. మీవారే వద్దన్నారు. మీకు చెప్పలేదాండీ?"

ఎగ్గొట్టిన మనిషైతే నాలుగు దులిపి వచ్చేదాన్ని. ఈ మర్యాదస్తురాలిని ఏమనను? "ఆ, చెప్పారు, చెప్పారు," అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి మళ్ళీ బీరువా తెరిచాను. ఆ ప్రోనోట్ల కట్టలోనే మా నాన్న రాసిన నోటు కూడా ఉంది. మా పుట్టింటి చెరువూ ఒక పంటకు పోయింది మరి. దాని వెనక రెండు చెల్లులు ఉన్నాయి. మొదటిది నాన్న గుండ్రటి రాత. రెండోది వంకరటింకరగా కిందికి జారిపోయింది. అప్పుడు నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. మా ఆయన బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చి, కాసేపు కూర్చుని, జేబులోంచి పెన్ను తీశారు. అల్లుడు అడిగాడని నాన్న లేవబోయారు.

"లేవకండి మావయ్యగారూ, పడుకునే పెట్టేయండి," అన్నారు మా ఆయన.

వ్యాపారమన్నాక అంతే కదా అనుకుని, నోటు కింద అట్ట నేనే పట్టుకున్నాను.