నేను బిగించిన ఇంటర్‌కూలర్

టర్బో బండికి ఇంటర్‌కూలర్ ఎందుకని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్ళలో ఎక్కువమంది నేను చెప్పే జవాబును మా అన్నయ్య ముఖం చూస్తూ విన్నారు. అన్నయ్య తల ఊపితే నమ్మారు.

అందుకని ఇక్కడే చెప్పేస్తాను, ఇక్కడ ఎవరి ముఖం చూసే వీలూ లేదు. టర్బో గాలిని గట్టిగా ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచని గాలితో ఇంజన్‌కి బలం రాదు. మధ్య దారిలో ఆ గాలిని చల్లార్చడానికి పెట్టే అల్యూమినియం డబ్బా ఇంటర్‌కూలర్. చూడ్డానికి రేడియేటర్‌లాగే ఉంటుంది, ముందు బంపరు వెనక దాక్కుంటుంది. కంపెనీవాళ్ళు చిన్నది పెట్టి పంపుతారు. రాయపూర్ మే నెలలో ఆ చిన్నది గాలిని చల్లార్చే మాట అటుంచి, తనే కాలిపోతూ ఉంటుంది.

మా ఇల్లు గుఢియారీలో. నా ఆఫీసు నయా రాయపూర్‌లో. మధ్యాహ్నం మీటింగుకి వెళ్ళాలంటే ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కేసరికి నా డీజిల్ కారు ఆయాసపడేది, వెనక ఆటోవాడు హారన్ కొట్టేవాడు. సెకండ్ హ్యాండ్ కారే, కానీ నా జీతంతో కొన్నది, నా పేరు మీద ఉన్నది. దానికి పెద్ద ఇంటర్‌కూలర్ పుణే నుంచి తెప్పించాను. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళకుండా ఇంటి ముందే నేనే బిగించాలని నిర్ణయించుకున్నాను.

ఎందుకంత పంతం అంటే, నాన్న.

నాన్న రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చి, జీవితమంతా ఇంజన్ల కడుపుల్లో చేతులు పెట్టి బతికిన మనిషి. అన్నయ్యకి స్పానర్ పట్టడం నేర్పాడు. నాకు టార్చి పట్టడం నేర్పాడు. మోపెడ్ కింద అన్నయ్య పడుకుంటే, పక్కన గొంతుకూర్చుని వెలుతురు చూపించడం నా వంతు. టార్చి పట్టుకున్న మనిషికి పని మొత్తం కనిపిస్తుందని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

అన్నయ్య మొదటిసారి మోపెడ్ కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించిన రోజు నాకు బాగా గుర్తు. నాన్న కిక్కు కొట్టి, చెవి పెట్టి విని, "సెయ్యి కుదిరిందిరా" అన్నాడు. అంతే అన్నాడు. అన్నయ్య వారం రోజులు ఆ మాట మీదే నడిచాడు. నాకు కావలసింది ఆ ఒక్క మాట. ముప్ఫై దాటిన మనిషికి ఇంత చిన్న కోరిక ఉండటం సిగ్గుగానే ఉండేది, కానీ ఉండేది.

సంగతి చెప్పగానే నాన్న అన్నాడు, "నీకెందుకే ఈ గ్రీజు పని? అన్నియ్య సేస్తాడు కదా."

"నా బండి నాన్నా. నేనే చేస్తాను."

"సరే, సెయ్యి. వోడు పక్కనుంటాడు" అని ముగించాడు.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేదట. మా ఇంట్లో అది అన్నం తినేటప్పుడు కూడా వినపడేది. విప్పిన పైపు మూతి ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు, గుడ్డ కుక్కాలి. కుక్కిన గుడ్డకి తోక బయటికి వేలాడాలి. కుక్కినవాడే దాన్ని తీయాలి, ఇంకొకడు ముట్టకూడదు. ఇంకొకడు తీస్తే కుక్కినవాడికి లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే గుడ్డ ఇంజన్‌లోకి పోతుంది. అందుకని పాత బట్టలు చింపేటప్పుడు అమ్మ కూడా ఎవరి ముక్కలు వాళ్ళకి వేరుగా కట్టిపెట్టేది. నావి ఎర్ర పరికిణీ ముక్కలు. అన్నయ్యవి తన నీలం బనీను ముక్కలు.

ఆదివారం పొద్దున్నే వసారా ముందు నీడలో బండి పెట్టి మొదలుపెట్టాను. బంపరు ఊడదీయడమే సగం పని. చక్రాల దగ్గర స్క్రూలు, కింద బోల్టులు, ప్లాస్టిక్ క్లిప్పులు. ఒక క్లిప్పు విరిగింది, నోటికొచ్చింది తిట్టుకున్నాను. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఎదురింటి బియ్యం మిల్లు పెద్దాయన పాల ప్యాకెట్లతో పోతూ ఆగి, "కా కరత్ హస్ నోనీ?" అని అడిగాడు. ఏం చేస్తున్నావమ్మాయీ అని. నేను నోరు తెరిచేలోపు నాన్న, "కుఛ్ నహీఁ, బేటా కర్ రహా హై" అన్నాడు. కొడుకు చేస్తున్నాడట. ఆ కొడుకు అప్పటికి నిద్ర లేవలేదు.

పాత కూలర్ విప్పాను. విప్పిన మూతులన్నిటికీ ఎర్ర గుడ్డలు కుక్కి, తోకలు బయటికి వదిలాను. కొత్త కూలర్ పెట్టి చూస్తే ఒక పక్క బ్రాకెట్ కుదరలేదు, కాస్త అరగదీయాలి. అప్పుడు దిగాడు అన్నయ్య, టీ గ్లాసుతో. "లా, మై కర్తా హూఁ, నీ వల్ల ఏటవుద్ది" అని ఆకురాయి లాక్కున్నాడు. పోనీలే అని, పాత పైపుల్లో పేరుకున్న ఆయిల్ కిరసనాయిల్‌తో కడగడానికి నేను పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి బ్రాకెట్ అరిగింది, కూలర్ తన చోట కూర్చుంది, అన్నయ్య లేడు. ఎవరో దోస్తు పిలిచాడని బైకు మీద వెళ్ళిపోయాడని నాన్న చెప్పాడు. కింద నేల మీద ఇనప రజను పడి ఉంది. కూలర్ మూతి తెరుచుకుని ఉంది.

నాకు అనుమానం వచ్చింది. అంత రజను పడే చోట అన్నయ్య మూతికి ఏదో ఒకటి కుక్కే ఉంటాడు. టార్చి వేసి చూశాను. మూతి లోపలికి వెళ్ళగానే కిందికి వంగుతుంది, వంపు దాకా అల్యూమినియం తప్ప ఏమీ కనపడలేదు. తోక లేదు. అయినా ఊరుకోలేదు. చేతులనిండా గ్రీజు కాబట్టి మోచేత్తో ఫోను నొక్కి, స్పీకర్ పెట్టి అడిగాను.

"అన్నయ్యా, కూలర్ మూతిలో గుడ్డేమైనా కుక్కావా?"

"కుక్కాను, తీసేశాను. తూ లగా దే, బిగించెయ్."

"తోక పెట్టే కుక్కావా?"

"అరే, బోలా నా తీసేశానని. ఎన్నిసార్లడుగుతావే" అని ఫోను పెట్టేశాడు.

నాన్న కుర్చీ నాకు బారెడు దూరంలో ఉంది. పేపరు దించి విన్నాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. కుక్కినవాడు తీశానన్నాక ఇక ముట్టకూడదు. నేను ఆ ఇంటి పిల్లనే. నా ఎర్ర గుడ్డలు లెక్కపెట్టి తీసి, పైపు తొడిగి క్లాంపు బిగించాను.

అన్నీ బిగించాక అమ్మని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. నేను చెప్పినప్పుడల్లా యాక్సిలరేటర్ తొక్కమన్నాను. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పాముని తొక్కుతున్నంత భయంగా తొక్కింది. జాయింట్ల మీద సబ్బు నీళ్ళు పోసి చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఆ క్షణం నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "అయిపోయిందేటే?" అంది. బంపరు ఎక్కించేశాను.

అన్నయ్య భోజనాల వేళకి వచ్చాడు. తిన్నాక రోడ్డు మీద నడిపి చూద్దామని బయల్దేరాం. నేను తాళం తీసుకుని డ్రైవర్ తలుపు దాకా వెళ్ళాను. నాన్న ముందు సీట్లో కూర్చుంటూ, "వోడు నడుపుతాడు. నువ్వు ఎనక్కూకో" అన్నాడు. నా బండి, నా పని, నేను వెనక్కూర్చున్నాను. నోరు విప్పితే ఇంకేదో అనేస్తానని, స్పానర్లున్న సంచి ఒళ్ళో పెట్టుకుని మూసుకుని కూర్చున్నాను.

ఊళ్ళో ట్రాఫిక్‌లో బండి మెల్లగా, నున్నగా పోయింది. రింగు రోడ్డు దాటుతుంటే నాన్న కాసేపు ఇంజన్ చప్పుడు విన్నాడు. తల పక్కకి వంచి, కళ్ళు సగం మూసి, మోపెడ్ దగ్గర విన్నట్టే విన్నాడు. అప్పుడన్నాడు.

"సెయ్యి కుదిరిందిరా."

రా. అన్నయ్య అద్దంలోంచి ఒకసారి నా వైపు చూశాడు. చూసి ఏసీ పెంచాడు. ఇది చెల్లెలు బిగించింది నాన్నా అనడానికి ఎంతసేపు పడుతుంది? వాడికి అంత తీరిక లేకపోయింది. కిటికీలోంచి స్టీలు లోడు లారీలు చూస్తూ కూర్చున్నాను.

మందిర్ హసౌద్ ఊరు ఇంకా రాకముందే, రోడ్డు ఖాళీ దొరికిందని అన్నయ్య గట్టిగా తొక్కాడు. బండి ఒక్క ఊపు ముందుకెళ్ళి, పీక నొక్కినట్టు ఆగిపోయింది. వెనక నల్లటి పొగ. లారీవాడు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. అన్నయ్య ఎలాగో పక్కకి తీశాడు.

నాన్న సీట్లో వెనక్కి మొత్తం తిరిగాడు. వెనక ఒక మనిషి ఉందని అప్పుడే గుర్తొచ్చినట్టు నన్ను చూశాడు.

"ఏటి సేసినావమ్మా?"

పని కుదిరితే రా, చెడితే అమ్మా. రెండు మాటల మధ్య ఎంత దూరం ఉంటుందో, రింగు రోడ్డు నుంచి అక్కడి దాకా లెక్కేసుకోవచ్చు.

అన్నయ్య రోడ్డు దాటి ఢాబాకి వెళ్ళాడు, నీళ్ళు తెస్తాననీ ఎవరో మెకానిక్‌కి ఫోను చేస్తాననీ. నేను కాళ్ళ దగ్గర మ్యాట్ తీసి నేల మీద పరుచుకుని బంపరు కిందికి దూరాను. నాన్న పక్కన గొంతుకూర్చున్నాడు. చుట్టూ వేడి, పైపు ముట్టుకుంటే కాలుతోంది. చున్నీ చేతికి చుట్టుకుని క్లాంపు వదులు చేసి పైపు లాగాను. మూతిలో వేళ్ళు వంపు దాటేదాకా దూరిస్తే మెత్తగా ఏదో తగిలింది. లాగి నాన్న చేతిలో పెట్టాను.

ఆయిల్‌తో నల్లబడిన గుడ్డ ముద్ద. నాన్న దాన్ని విప్పాడు. అంచు దగ్గర మాత్రం రంగు మిగిలింది. నీలం.

తోక లేకుండా మొత్తం లోపలికి తోసేశాడన్నమాట. వంపు దాటి కూలర్ అడుగున పడిపోయింది. మెల్లగా పోయినంతసేపూ అక్కడే ఊరికే పడి ఉంది, గాలి గట్టిగా తోసేసరికి లేచి కూలర్ లోపలి జల్లెడకి అడ్డంగా అతుక్కుంది. ఇదంతా నేను నాన్నకి చెప్పనక్కర్లేదు. నాకంటే ముందు ఆయనకే అర్థమైంది, ఆయన ముఖంలో కనపడింది. నేను కింద పడుకుని ఎదురుచూశాను. ఇప్పుడైనా ఆ మాట నాతో అంటాడని.

నాన్న రోడ్డు అవతల ఢాబా వైపు చూశాడు. ఆ గుడ్డని చిన్నగా మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"వోడితో అనకమ్మా. సిన్నబుచ్చుకుంటాడు" అన్నాడు. "నువ్వోసారి సూసుకోవాల్సింది" అని కూడా అన్నాడు.

"ఫోన్ చేసి అడిగాను కదా నాన్నా. నువ్వు విన్నావు."

"ఇన్నాను" అన్నాడు.

నేను పైపు తొడిగి, క్లాంపు బిగించి బయటికి వచ్చాను. అన్నయ్య నీళ్ళ సీసాలతో వచ్చి, క్యా హువా అన్నాడు. క్లాంపు వదులైంది, బిగించింది అని నాన్న చెప్పాడు. "బోలా థా నా, టైట్ కర్ అని" అన్నాడు అన్నయ్య నాతో. వాడు అలాంటిదేమీ చెప్పలేదు.

తిరుగు దారిలో బండి ఎలా లాగిందో మా ముగ్గురిలో నాకొక్కదానికే పట్టింది. ఎండలో, ఏసీ వేసుకుని, ఫ్లైఓవర్ మీదికి రివ్వున ఎక్కింది. నేను అనుకున్నదానికంటే బాగా ఎక్కింది. ఇంటి ముందు ఎదురింటి పెద్దాయన అడిగితే, అమ్మాయి ఒక క్లాంపు వదులుగా వదిలేసిందనీ అబ్బాయి సంభాళించాడనీ నాన్న హిందీలో చెప్పాడు. ఇవాళ్టికీ ఆ కథ అలాగే చెబుతాడు. చెప్పి చెప్పి ఆయనకి అదే నిజమైపోయిందేమో తెలీదు.

మర్నాడు పొద్దున దండెం మీద ఆ నీలం ముక్క ఆరేసి ఉంది. నలుపంతా వదిలింది. "ఏటోనే, మీ నాన్న సబ్బడిగి తనే కూకుని ఉతికాడు" అంది అమ్మ, ఆశ్చర్యపోతూ. నాన్న తన చేత్తో ఒక బట్ట ఉతకగా మా ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆ ముక్క తీసి నా డిక్కీలో స్పానర్ల సంచిలో పెట్టుకున్నాను. ఆ బండి ఇంకా నా దగ్గరే ఉంది, అదే కూలర్‌తో నడుస్తోంది. వేసవికి ముందు ఒకసారి అదే వసారా ముందు పైపులు విప్పి కడుగుతాను. విప్పిన మూతికి ఆ నీలం గుడ్డే కుక్కుతాను, తోక బాగా బయటికి కనపడేలా. నాన్న కుర్చీలోంచి చూస్తాడు. చూసి పేపరు ఎత్తుకుంటాడు.