రెండు కండెల సేపు

మా మేనత్త పోయింది. నేటికి పద్నాలుగు రోజులు. మూడు రోజులు మూత్రం బంద్ అయి, ఒళ్ళంతా ఉబ్బిపోతే బండి కట్టి ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు ఆమె పాదం మీద వేలితో నొక్కి, గుంట పడటం చూసి, "ఇంట్లో ఏం నీళ్ళు తాగుతారు?" అని అడిగాడు. "వడపోసిన నీళ్ళే సార్" అన్నాను. అబద్ధం కాదు. వడపోసింది కూడా ఆమే. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున కన్ను మూసింది.

పెద్దవాళ్ళు పోతే నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. రాస్తాను. కానీ నన్ను పక్కకు తప్పించుకుని ఆమె గురించి రాయడం కుదరదు. చదివేవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. తిట్టుకోవాలి కూడా.

మాది నగరిలో నేతగాళ్ళ వీధి. ఇంట్లో రెండు మగ్గాలు, పెరట్లో నూలుకు రంగులద్దే కాగులు. ఆమె మా నాయనకు చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయి పుట్టిల్లు చేరింది. మా అమ్మ పురిట్లో పోతే చెల్లెల్నీ నన్నూ ఎత్తుకుని పెంచింది. ఆ చెల్లెలు కూడా పోయినేడు భర్తను పోగొట్టుకుని మా ఇంటికే వచ్చింది. దాని తల నిమురుతూ మా అత్త అన్న మాట ఒకటే. "ఏడిస్తే ఏడువు గానీ పస్తు మాత్రం పడుకోవాకు. ఆకలికి సూతకం లేదు."

కండెలు చుట్టడం ఆమె పని. నేత తెలియనివారికి చెబుతాను. మగ్గం మీద పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలో పెట్టే చిన్న పుల్లకు రాట్నం తిప్పుతూ నూలు చుడతారు, అదే కండె. బిగువు తప్పితే నేసేటప్పుడు దారం తెగుతుంది. ఆమె చుట్టిన కండె గోరుతో నొక్కినా దిగేది కాదు. "కండె మంచిగుంటే మగ్గం దానంతటదే నేస్తాది అబ్బయ్యా. నువ్వు ఊరికే కాళ్ళాడించు సాలు" అని నన్ను ఎగతాళి చేసేది.

యుద్ధం వచ్చి జర్మనీ రంగులు ఆగిపోయాయి. మద్రాసు నుంచి పేరూ ఊరూ లేని డబ్బాల్లో దొరికిన రంగులు తెచ్చాను. అవి నూలు మీద నిలవాలంటే కాస్టిక్ సోడా పోయాలి, నారింజ రంగు ఉప్పురాళ్ళు వేయాలి. ఆ ఉప్పుకు నా వేళ్ళ సందుల్లో పుండ్లు పడేవి, నెలల తరబడి మానేవి కావు. పనయ్యాక కాగును పెరట్లో గుంతలోకి వంచేసేవాణ్ణి. గోడ అవతలే వీధి బావి. నా చేతుల్ని తింటున్న నీళ్ళు ఆ బావిలోకి ఊరతాయేమోనని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

ఆ వేసవిలో బావి నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగాయి. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మా ఇంటి మీదికి వచ్చారు. నేను మగ్గం దిగలేదు. ఆమే బయటికి పోయింది. "అరిసేదానికి నోళ్ళుండాయి, వడపోసేదానికి చేతుల్లేవా మీకు?" అని తిరగబడి వాళ్ళనే తిట్టింది. తప్పు మాది, గొంతు ఆమెది.

వారం తిరక్కుండా మా వసారాలో కుండల దొంతులు లేచాయి. దొంతికి మూడు కుండలు. పై రెండింటికీ అడుగున చిల్లి, చిల్లిలో నూలు పీచు. పై కుండలో కడిగిన తుమ్మబొగ్గులు, నడిమి కుండలో ఏటి ఇసుక, కింద ఖాళీ కుండ. కిందికి దిగిన నీళ్ళన్నీ ఒక పెద్ద బానలో పోసి, మడ్డిని అడుక్కి దించే చిల్లగింజను ఆమె అరగదీసి కలిపేది. పొద్దుటికి బాన అడుగు కనిపించేంత తేటగా ఉండేవి.

తేటగా ఉన్నా తాగడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు ఎదురింటి వదిన అన్నది: "ముందు ఆమెనే తాగనీ. ఆమెకేముండాది, మొగుడా బిడ్డలా?"

నేను అక్కడే ఉన్నాను. 'నేను బిడ్డను కానా' అని ఒక్క మాట అనుండొచ్చు. అనలేదు. ఆమె నా వైపు చూసింది, కాసేపు చూసింది. తర్వాత "నిజమే కదమ్మా" అని నవ్వి, చెంబు ముంచుకుని గటగటా తాగి రాట్నం ముందు కూర్చుంది.

"రెండు కండెలు సుట్టేదాకా ఉండండి. అప్పటికి నేను పడిపోకుంటే ముంచుకపోండి."

ఆ రోజు నుంచి అదే ఆచారమైపోయింది. తెల్లారితే ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకుని కూర్చునేవాళ్ళు. జడలు వేసుకుంటూ, ఊరి మాటలు చెప్పుకుంటూ, మధ్య మధ్యలో ఓరగా ఆమె మొహం వైపు చూసేవాళ్ళు. రెండో కండె పుల్ల నుంచి తీసి బుట్టలో వేయగానే లేచి నీళ్ళు ముంచుకునేవాళ్ళు. ఆరేళ్ళు. ఒక ముసలిమనిషి చస్తుందా లేదా అని వీధి వీధంతా రోజూ కూర్చుని చూసింది. నేను మగ్గం మీద నుంచి చూశాను.

నన్ను ఆమె అడిగింది ఒకటే. "అబ్బయ్యా, ఆ గుంతను ఊరవతల బీడులోకి మార్చు. కంటికి తేటగుంటే కడుపుకి తేట కాదురా. బొగ్గు రంగును పట్టుకుంటాది గానీ, యిసాన్ని పట్టుకుంటాదని ఎవురు సెప్పినారు?"

"ఈ పడుగు కానీ అత్తా" అనేవాణ్ణి. ఆ పడుగు నేయడం అయ్యేది, మగ్గానికి ఇంకొకటి ఎక్కేది. పెళ్ళిళ్ళ కాలం అన్నాను, నూలు దొరికినప్పుడే అద్దుకోవాలన్నాను. తడి నూలు మోసుకుంటూ ఊరిబయట దాకా ఎవరు తిరుగుతారని ఒకసారి ఉన్నమాట కూడా అన్నాను. "గోడకు సెప్పుకున్నా ఈపాటికి బీటన్నా ఇచ్చేది" అని గొణుక్కుంటూ బొగ్గులు కడుక్కోవడానికి పోయింది.

చివరి రెండేళ్ళూ ఆమెకు చేతులు పట్టు తప్పాయనుకున్నాను. ఉండి ఉండి కొన్ని రోజులు కండెలు వదులుగా వచ్చేవి. నాడె విసిరితే చాలు, దారం తెగేది. కొన్ని పొద్దుల్లో రాట్నం దగ్గర నుంచి లేస్తూ బానను బోర్లించేసేది. "చేయి జారిందమ్మా, ముసలిదాన్ని" అనేది. ఆడవాళ్ళు ఆమెను నానా మాటలూ అని, బిందెలెత్తుకుని మైలు దూరంలో ఉన్న తోటబావికి పోయేవాళ్ళు. నోరున్న మనిషి ఆ తిట్లన్నీ ఎందుకు పడిందో నేను అడగలేదు.

ఒకరోజు దారం తెగి తెగి నాకు తిక్కరేగింది. కండె తీసి ఆమె ముందు విసిరికొట్టాను. "సేతగాకపోతే మానెయ్ అత్తా, నా పానం తీయాకు" అన్నాను. కండె దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది. ఆమె గోడ పట్టుకుని లేచి, దాన్ని తెచ్చుకుని, నూలంతా విప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టింది. ఆ రోజు అన్నం వద్దంది. ఒంట్లో బాగాలేదని మాత్రం అనలేదు.

పదకొండో నాడు కర్మలు అయ్యాయి. పన్నెండో నాడు కాగు రాజేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. ఎర్ర నూలు అద్ది, ఆ నీళ్ళు గుంతలోకే వంచాను. నిన్న పొద్దున ఆడవాళ్ళు ఎప్పటిలాగే బిందెలతో వచ్చారు. చెల్లెలు దొంతుల కింది నీళ్ళు బానలో పోసి పెట్టింది. అద్దకం లేని పదకొండు రోజులూ ఎవరూ ముందు తాగకుండానే ముంచుకుపోయినవాళ్ళు, పెరట్లో ఆరేసిన ఎర్ర నూలు చూసి ఆగిపోయారు. అందరూ రాట్నం వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు.

ఎదురింటి వదినే నోరు తెరిచింది. "దిగులెందుకప్పా, నీ చెల్లెలు ఉండాది కదా."

చెల్లెలు ముందుకొచ్చింది. చెంబు కోసం చేయి చాచింది. అంతే, మా అత్త ఆనాడు నవ్విన నవ్వు నా కళ్ళ ముందుకొచ్చింది. చెంబు లాక్కుని నేనే తాగాను. ఆరేళ్ళలో ఆ తొలి చెంబు తాగడం నాకు అదే మొదలు. నాలుక మీద ఏమీ తెలియలేదు. మంచినీళ్ళలాగే ఉన్నాయి.

రాట్నం ముందు కూర్చున్నాను. ఆడవాళ్ళు కూడా కూర్చున్నారు. ఒకామె జడ విప్పుకుంది. మొదటి కండె సగమైనా కాలేదు, కడుపులో దేవినట్టయింది. పేగులు పట్టి మెలిపెట్టినట్టు నొప్పి. నుదుట చెమట పోసి వేళ్ళు వణికాయి. చూస్తుండగానే నా వేళ్ళ మధ్య నూలు వదులైపోయింది.

అప్పటికి గానీ నాకు తెలిసి రాలేదు. నేను కాగు వంచిన మర్నాడల్లా ఆమె కండె వదులయ్యేది. ఆ రోజే బాన బోర్లా పడేది. వాంతి చేసుకుంటే వీధంతా నా మీద పడుతుందని బిగబట్టుకుని కూర్చునేది. ఎవరి బిడ్డా ఆ నీళ్ళు తాగకూడదని బానను తోసేసేది. తిట్లు తాను పడేది. నేనేమో ఆ కండె తీసుకుని ఆమె ముందు విసిరికొట్టాను.

లేచి, అందరికీ నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఇరవై మంది నా మొహం వైపే చూస్తున్నారు. కాలితో బానను తోశాను. నీళ్ళు వసారా అంతా పారాయి.

"చేయి జారింది" అన్నాను.

ఎదురింటి వదిన బిందె ఎత్తుకుంటూ నవ్వింది. "బాగుండాది. అచ్చం మీ అత్త పోలికే!"

మధ్యాహ్నానికి గుంత పూడ్చేశాను. ఎందుకు పూడ్చానో ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు బాన పగిలిందని అబద్ధమాడి అందరినీ తోటబావికి పంపాను. రేపు పొద్దున వాళ్ళు వస్తే ఇది చదివి వినిపించమని చెల్లెలికి చెప్పాను. నా నోటితో చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. అది సరేనంది, నా మొహం చూడకుండా.

నిన్నటి సగం కండె రాట్నానికే ఉంది. వదులు నూలు జారి, నేల మీది ఆరీ ఆరని తడిలో పడి ఉంది. దాన్ని విప్పి మళ్ళీ చుట్టే మనిషి లేదు.